ఆరువందల చేతులు పడ్డ పెట్టె

నమోదు 1. రాత్రి, మూడో నిద్ర లేచాక

కెరటాలపాలెం అతుకుల గది నుంచి, మేనమామ పదవిని ఇప్పుడే స్వీకరించిన పైడిరాజు, బి.ఎస్సీ., సమస్త ప్రజానీకానికి తెలియజేయునది.

పదవీ స్వీకారం అనుకున్నదానికన్నా రెండు నెలలు ముందే జరిగిపోయింది. దండలు లేవు, ప్రసంగాలు లేవు. నేను గ్రైండరు మూతకి వచ్చిన సవరణలు అతికించుకుంటూ కూర్చున్నాను. బావ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మా బావ పేరు సన్యాసిరావు, మంచు గనిలో పని. రోజుకి పది మాటలు మాట్లాడతాడని ఊళ్ళో ప్రతీతి. నేను లెక్కపెట్టి చూశాను, ఎనిమిదే. ఆ ఎనిమిదీ గుమ్మంలోనే ఖర్చుపెట్టేశాడు.

"రాజూ, పాప పుట్టీసింది. మీ అప్పకి బాగానే ఉంది. రా."

అందులో సగం అబద్ధమని వెళ్ళాక తెలిసింది. మా అప్ప, అంటే అక్క, గౌరీశ్వరికి నెత్తురు చాలా పోయింది, ఒళ్ళు కాలిపోతోంది. పాపని నర్సు దమయంతి పిన్ని స్ప్రింగు కాటా మీద పెట్టింది. రెండువందల గ్రాములు. చంద్రుడి మీద ఏదైనా ఆరో వంతే తూగుతుంది కాబట్టి అసలు లెక్క కిలో రెండువందలు. "మరీ చింతపండు పొట్లంలా ఉందేంటి పిన్నీ" అన్నాను. పిన్ని నా వీపు మీద ఒకటి వేసింది. ఆ దెబ్బకి మాత్రం ఆరో వంతు నియమం వర్తించలేదు.

మా ఊళ్ళో ఇంతవరకూ బిడ్డ పుట్టలేదు. ఏడో నెల రాగానే గర్భిణులు పెద్ద ఆస్పత్రి ఉన్న రాగిగుట్టకి వెళ్ళిపోతారు. అప్ప కూడా తెల్లారగానే వెళ్ళాల్సింది. ఇక్కడ తెల్లారడమంటే చిన్న విషయం కాదు. సూర్యుడు ఒకసారి కుంగాడంటే మళ్ళీ పైకి రావడానికి పధ్నాలుగు నిద్రలు పడుతుంది, అందాకా చలికి బండ్లు కదలవు. పాప ఆ సంగతి కనుక్కోకుండా వచ్చేసింది. మా వంశంలో ఎవరికీ కనుక్కునే అలవాటు లేదు.

పాపకి ఒంట్లో వేడి నిలవడం లేదు. అందుకని మొలకల గదిలో, వరినారు తట్టల మధ్య పెట్టారు. ఊరు మొత్తానికి వెచ్చగా, తడిగా ఉండే గది అదొక్కటే. ముక్కుకి సన్నటి ప్రాణవాయువు గొట్టం. ఊపిరి కుదుటపడే దాకా ఎవరూ ఎత్తుకోకూడదని భూమ్మీది డాక్టరు గారు తెర మీంచి ఆజ్ఞాపించారు. బావకైతే గుమ్మం దాటే వీల్లేదు. గని ధూళి మనిషిని ఎంత కడిగినా పోదు, అది పాప ఊపిరితిత్తుల్లోకి వెళ్ళకూడదు. ఆయన బయట అద్దానికి నుదురు ఆనించి నిలబడ్డాడు. అద్దం మీద ఆయన నుదుటి గుర్తు ఇంకా ఉంది.

చిక్కు ఏమిటంటే, ప్రతి రాత్రీ తొమ్మిదో నిద్రకి మొలకల గది కరెంటు ఆపేస్తారు. అప్పటినుంచి తెల్లారేదాకా బ్యాటరీల్లో మిగిలినదంతా గాలికీ నీళ్ళకీ మాత్రమే. ఆ ఒక్క గది ముప్పై ఇళ్ళ కరెంటు తింటుంది. ఆపకపోతే ఊరికి గాలాడదు.

"చిన్న పెట్టె కావాల రాజూ" అంది పిన్ని. "ఒక దీపం తినేపాటి కరెంటుతో వెచ్చగా ఉండే పెట్టె. తొమ్మిదో నిద్రలోగా."

పెట్టెలు చేయించడం నా ఉద్యోగమే. నేను ఛాతీ విరిచాను.


నమోదు 2. నాలుగో నిద్ర లేచాక

నా ఉద్యోగం గురించి రెండు ముక్కలు, మేనకోడలు పెద్దదై చదువుకుంటుందని.

పూర్వకాలంలో వాడుకరులు అనే వాళ్ళు ఉండేవారట. ఎవరో చేసి ఇచ్చింది వాడుకునేవారు. బాగుంటే బొటనవేలు పైకెత్తేవారు, బాగోకపోతే తిట్టేవారు, దాంతో వాళ్ళ పని అయిపోయేది. తర్వాత వాళ్ళే రాయడం, గీయడం, దిద్దడం, చేయడం మొదలుపెట్టారు. కాలేజీలో ఇది పురాతన చరిత్ర పాఠం. ఆ గంటలో నేను నిద్రపోయాను గనక ఇంతకన్నా వివరాలు లేవు.

ఇప్పుడున్నది ఉమ్మడి. చెంచా దగ్గర్నుంచి గాలిపంపు దాకా ప్రతి వస్తువు గీతా, అంటే నమూనా బొమ్మ, అందులో ఉంటుంది. ఎవరైనా తీసుకుని తమ ఊరి అచ్చుయంత్రంలో పోత పోసుకోవచ్చు. తీసుకున్నవాడు మాత్రం దానికి ఏదో ఒక మెరుగు చేర్చి తీరాలి. దాన్నే చెయ్యి వెయ్యడం అంటాం. చెయ్యి వేసినవాడి పేరు ఆ వస్తువు మీద అచ్చవుతుంది. ఇన్ని చేతులూ ఒకదానికొకటి అతికేలా చూసేవాణ్ణి నేను. ఊళ్ళో నన్ను అతుకుల రాజు అంటారు. కిరీటం మాత్రం ఇవ్వలేదు.

పాప సంగతి రాసి ఉమ్మడిలో పెట్టాను. భూమ్మీది పెట్టెల గీతలు బోలెడున్నాయి, అన్నీ ఇక్కడ పనికిరానివే. అక్కడ వేడిగాలి తనంతట తానే పైకి లేచి పెట్టంతా తిరుగుతుంది. ఇక్కడ దానికి అంత ఓపిక లేదు. పుట్టినచోటే బద్ధకంగా కూర్చుంటుంది, అచ్చం నాలాగే. పాపకి ఒక పక్క కాలుతుంది, ఒక పక్క గడ్డకడుతుంది.

నేను పళ్ళు తోముకుని వచ్చేసరికి జవాబులు మొదలయ్యాయి. పక్క గుంటలో ఉన్న తెల్లరేవు నుంచి ఒకావిడ, మంచాన పడ్డ తండ్రికి వీపు పుళ్ళు పడకుండా తను చేసుకున్న గోరువెచ్చని నీళ్ళ పరుపు గీత పంపింది. గాలిని నమ్ముకోవద్దు బాబూ, నీళ్ళని నమ్ముకో అని రాసింది. హిందూపురం నుంచి పట్టుపురుగులు పెంచేవాళ్ళు, ఫ్యానూ మోటారూ లేకుండా తడి నిలిపే ఒత్తుల అమరిక పంపారు. పురుగు ఎండితే మాకు కూడు లేదు, మీకు పనికొస్తుందేమో చూసుకోండి అన్నారు. పలాసలో జీడిపప్పు కాల్చే అతను వేడి బయటికి పోకుండా రెండు గోడల మధ్య ఏం నింపాలో చెప్పాడు. వీళ్ళెవరూ మా ఊరు చూడలేదు. పాప పేరు అడగలేదు, ఉంటే కదా అడగడానికి. అడిగిందల్లా ఒక్కటే, ఇంకా ఏం కావాలని.

నేను మామూలుగా ఇలాంటిచోట ఒక జోకు వేస్తాను. తట్టలేదు. కాసేపు కళ్ళు తుడుచుకుని అతకడం మొదలుపెట్టాను.

పదకొండు చేతులతో పెట్టె గీత తయారైంది. చూడ్డానికి బియ్యం డబ్బాలా ఉంది. దీపమంత కరెంటు. పోత పోయడానికి ఒక్క నిద్ర చాలు. ఇంకా బోలెడు వ్యవధి ఉంది కదా, నిద్ర లేచేలోగా ఇంకాస్త మెరుగు పడనిద్దాం అనుకుని పడుకున్నాను. ఉమ్మడిలో పెరిగిన ఎవడైనా అలాగే అనుకుంటాడు.


నమోదు 3. ఆరో నిద్ర లేచాక

మెరుగు పడింది.

చంద్రుడి మీద నేలతల్లి సాక్షిగా పుట్టిన తొలి తెలుగు పాప అని ఎవరో రాశారు. నేల ఇక్కడిది కాదన్న సంగతి గానీ, రాగిగుట్టలో ఇదివరకే పుట్టినవాళ్ళ సంగతి గానీ ఎవరికీ పట్టలేదు. ఆ మాట భూమంతా తిరిగింది. పాప మొదటి వస్తువు మీద తన చెయ్యి కూడా ఉండాలని అందరికీ ఆశ పుట్టింది. పుట్టదూ మరి. నాక్కూడా పుట్టేది.

జోలపాటలు వచ్చాయి, జిల్లాకొకటి చొప్పున, పాడే డబ్బాతో సహా. ఊయల మోటారు వచ్చింది. ఉగ్గుగిన్నె పెట్టుకునే గూడు వచ్చింది, ఉగ్గు తినే వయసు వచ్చేసరికి పాప పెట్టెలోంచి ఎలాగూ వచ్చేస్తుందని తెలిసి కూడా. మూడు రంగుల దీపాలు, అవి పాప కళ్ళలో పడకుండా ఒక తెర, ఆ తెర కిందికి దిగినప్పుడు మోగే గజ్జెలు. జాతకం చూపించే గడియారం ఒకటి. అయితే చంద్రుడి మీదే పుట్టినవాళ్ళ జాతకంలో చంద్రుణ్ణి ఏ ఇంట్లో వెయ్యాలో తేలక జ్యోతిష్కుల మధ్య పెద్ద యుద్ధం జరిగింది. ఒకాయన భూమిని వెయ్యమన్నాడు. ఇంకొకాయన ఆయన్ని వెలి వేశాడు. గడియారం మాత్రం గీతలో చేరిపోయింది.

చేరిపోక తప్పదు. ఎవరి చెయ్యినీ తోసిపుచ్చకూడదు అన్నది ఉమ్మడి మొదటి నియమం. ప్రమాదమని రుజువైతే తప్ప వచ్చిన ప్రతి చెయ్యీ అతకాల్సిందే, అవి లేని పాత గీతని అచ్చుయంత్రం పోత పొయ్యదు. వేసినవాడు తప్ప వేరెవరూ దాన్ని తియ్యలేరు. తియ్యమని అడగడం కూడా మర్యాద కాదు. అలా అడిగినవాణ్ణి మావాళ్ళు చెయ్యి నరికేవాడు అంటారు. పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు కూడా ఈ ఒక్కటీ వాకబు చేస్తారు.

ఇలా అడిగే మనిషి ఉమ్మడి మొత్తానికి ఒక్కడే. ఆయన పేరు ఎవరికీ తెలియదు. తూకం అని సంతకం పెడతాడు. ఏ వస్తువు కనిపించినా ఇది బరువు, అది దండగ అని రాస్తాడు. ఇన్నేళ్ళలో ఒక్క చెయ్యి వెయ్యలేదు. అభ్యంతరాలు చెయ్యి కింద లెక్కకి రావు గనక ఏ వస్తువు మీదా ఆయన పేరు లేదు. పాప పెట్టె మీద కూడా ఇప్పటికి నలభై రాశాడు. మచ్చుకి ఒకటి:

"సవినయంగా విన్నవించేదేమనగా, దిష్టి చుక్క పెట్టే మరచెయ్యి ఒక్కటే పాపకన్నా రెట్టింపు బరువు."

దిష్టి చుక్క పెట్టే మరచెయ్యి మా ఊరిదే, కన్నమ్మ మామ్మది. రోజూ పొద్దున్నే పాప బుగ్గ మీద కాటుక చుక్క పెడుతుందట. ఊరికే పెద్ద దిక్కు ఆవిడ. తూకం మాటలు అతుకుల గదికి వచ్చినవాళ్ళందరికీ చదివి వినిపించాను, సవినయంగా అన్నచోట ముక్కుతో పలికి. అందరం నవ్వుకున్నాం.

నవ్వాక గీత చూశాను. ఆరువందల చేతులు. బియ్యం డబ్బా కాస్తా బీరువా అయింది. కరెంటు మొలకల గదిలో సగం. పోతకి అయిదు నిద్రలు కావాలంటోంది అచ్చుయంత్రం. మన దగ్గర ఉన్నవి మూడు.

ఇంకా చేతులు వస్తూనే ఉన్నాయి.


నమోదు 4. అదే మెలకువలో, భోజనం మానేసి

అతకడంలో నా విద్యంతా చూపించాను. ఊయల మోటారు కింద గజ్జెలు దూర్చాను, గజ్జెల వెనక జోలపాటలు మడిచాను. చేతులన్నీ ఉన్నాయి, ఒకటీ పోలేదు, పెట్టె మూడోవంతు చిక్కింది. గొప్పగా ఉందనిపించి తెర మీద పెట్టి బావని పిలిచాను. ఆయన మొలకల గది అద్దం దగ్గర్నుంచి వచ్చాడు. నుదురు ఎర్రగా ఉంది.

చాలాసేపు చూశాడు. గీతని ఒకసారి తిప్పించాడు, మళ్ళీ తిప్పించాడు. వేలితో లోపలంతా వెతికాడు.

"ఇందులో పాపెక్కడ్రా?"

నేను చూపించబోయాను. నీళ్ళ పరుపు ఉండాల్సిన చోట ఉగ్గుగిన్నె గూడు ఉంది. పరుపు పక్కకి జరిగి, మడతపడి, చెప్పుల పెట్టె అంత జాగాలో ఇరుక్కుంది. అన్నీ సర్దేటప్పుడు ఏదో ఒకటి చిన్నది చెయ్యాలి కదా, అది చేశాను. అన్నిటిలోకీ నా జాగా ఏదని అడగలేనిది పాపే.

బావ తిట్టలేదు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, "అందరూ ప్రేమగానే ఏసినారు" అని మెల్లగా అని వెళ్ళిపోయాడు. ఆ మాటకన్నా తిట్టు తినడం చాలా నయం.

కూర్చుని ఒక విన్నపం రాశాను. ఇంతకు ముందు రాసినవన్నీ సరదాకి రాశాను గనక ఇది రాయడానికి చాలాసేపు పట్టింది. సారాంశం ఇది.

అయ్యలారా, అమ్మలారా. మీరు పంపినవన్నీ బాగున్నాయి. ఒక్కటి కూడా చెడ్డది లేదు, చిక్కంతా అక్కడే వచ్చింది. మా పాప కిలో రెండువందలు. ఇన్ని మంచివాటి మధ్య దానికి జాగా లేదు. నియమం ప్రకారం నేను మీ చెయ్యి తియ్యలేను, తియ్యమని అడగకూడదు. అడుగుతున్నాను. మీ చెయ్యి మీరే తీసుకోండి. మీ పేరు పెట్టె మీద ఉండదు. పాప ఉంటుంది.

పంపించాక తలుపు గడియ పెట్టుకున్నాను. చెయ్యి నరికేవాళ్ళని ఏం చేస్తారో ఎవరూ చెప్పలేదు, ఇంతవరకూ ఎవరూ దొరకలేదు కాబట్టి.


నమోదు 5. ఏడో నిద్ర లేచాక

తిట్లు వచ్చాయి. నలుగురు తిట్టారు. మిగతావాళ్ళ గురించి రాయాలి.

మొదట పోయింది జాతకం గడియారం. జ్యోతిష్కులిద్దరూ కలిసే తీసేశారు. ఆ తర్వాత జోలపాటలు, ఒక్కొక్క జిల్లాగా. ఒక పాట పాడినావిడ, తీసేస్తున్నాను గానీ బాబూ, ఎప్పుడైనా నిద్రపోకపోతే ఈ నంబరుకి చెయ్యండి, పాడతాను అని రాసింది. మూడు రంగుల దీపాలు, తెర, గజ్జెలు వరసగా వెళ్ళిపోయాయి. తీసేసిన ప్రతివాళ్ళూ, పాప ఎలా ఉందని అడిగి వెళ్ళారు.

చాలామందికి అసలు నా విన్నపం నేరుగా చేరనేలేదు. చేర్చిందెవరో తర్వాత తెలిసింది. తూకం. ఆరువందల మందిలో ఒక్కొక్కరికీ విడివిడిగా రాశాడాయన. మీ వస్తువు ఎంత బరువు, ఎంత కరెంటు, దాన్ని తీస్తే పాపకి ఎంతసేపు వెచ్చదనం మిగులుతుంది, అన్నీ లెక్కకట్టి, చివర, మీ పని చక్కగా ఉంది, మా దురదృష్టం కొద్దీ అవసరం లేదు అని రాశాడు. నిద్రపోయినట్టు లేదు. నిన్న ఈయన మాటల్నే నేను ముక్కుతో చదివాను. ఇప్పుడు నిలబడి చదువుకున్నాను.

చివరికి మిగిలింది దిష్టి చెయ్యి. కన్నమ్మ మామ్మ దగ్గరికి నేనే వెళ్ళాను. నాచు వడియాలు పెడుతోంది. విషయం చెప్పకముందే తెలిసిపోయింది ఆవిడకి.

"ఏటిరా రాజా, నా సెయ్యి తీసీమంటావేటి?"

"అవును మామ్మా."

"మీ అయ్య పెళ్ళికి వొండింది నాను. నీకు నీళ్ళు పోసింది నాను. ఇప్పుడు నా సెయ్యే బరువైపోనాదా?"

పాపకన్నా రెట్టింపు అని చెప్పలేక వడియాల వైపు చూశాను. మామ్మ వడియాల చేత్తోనే కళ్ళు ఒత్తుకుంది. ఈ ఊళ్ళో ఇంతవరకూ బిడ్డే పుట్టలేదు, ఇప్పుడు భూమంతా దాన్నే చూస్తోంది, ఇన్ని కళ్ళు పడితే దిష్టి తగలదా అని మొదలుపెట్టి, ఈ కాలం చదువులమీద ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చింది. నేను అన్నిటికీ తలాడించాను. చివరికి చేతులు కడుక్కుని, ఒకసారి పాపని చూపించమంది.

అద్దం దగ్గర బావ జరిగి చోటిచ్చాడు. పాప వరినారు తట్టల మధ్య పడుకుని ఉంది. పాదాలు నా బొటనవేలంత. మామ్మ చాలాసేపు చూసింది.

"ఓలమ్మా, గుప్పెడు లేదు కదర్రా" అంది. ఆ తర్వాత నావైపు తిరిగి, "తీసీరా. యంత్రమేల, ఎప్పుడు రమ్మంటే అప్పుడొచ్చి నా యేలితోనే సుక్క ఎడతాను."

పెట్టె మళ్ళీ బియ్యం డబ్బా అయింది. పదకొండు చేతులు. ఆరో నిద్రకి ఉన్న బీరువాకన్నా, నాలుగో నిద్రకి ఉన్న ఈ డబ్బాయే చూడ్డానికి ఎంత అందంగా ఉందో చెప్పలేను.


నమోదు 6. తొమ్మిదో నిద్రకి ముందు

పోత పూర్తయింది. పాపని పెట్టేముందు పెట్టెలో వేడి అన్ని మూలలా ఒకేలా నిలుస్తుందో లేదో చూడాలంది పిన్ని. మా ఊళ్ళో పనిచేసే థర్మామీటరు ఒకటే ఉంది, అది పాప చంకలో ఉంది.

ఈ సంగతి ఉమ్మడిలో రాస్తే, తెల్లరేవు పరుపావిడ ఒక ఉపాయం చెప్పింది. చిన్నగిన్నెల్లో పొడిపాలు కలిపి, తోడేసి, మూలమూలకీ పెట్టి మూత వెయ్యి. వేడి సరిగ్గా ఉన్నచోట పెరుగు గట్టిగా తోడుకుంటుంది, లేనిచోట నీళ్ళలా ఉంటుంది. తనూ ఆ పెట్టే పోత పోసుకుని అక్కడ అదే చేస్తోందట, రాగిగుట్టలో మరో ఇద్దరు చేస్తున్నారట. మేం అడగలేదు.

బి.ఎస్సీ. భౌతికశాస్త్రంలో ఇలాంటి ప్రయోగం నేను చెయ్యలేదు. గిన్నెలు పెట్టి, మూత వేసి, దాని ముందు కాపలా కూర్చున్నాను. బావ కూడా వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఇద్దరు మగవాళ్ళు పెరుగు తోడుకోవడం కోసం ఇంత ఆత్రంగా ఎదురుచూడటం చరిత్రలో ఇదే మొదటిసారి అయ్యుంటుంది.

మూత తీశాం. అన్నీ గట్టిగా ఉన్నాయి, కుడివైపు కాళ్ళ మూల ఒక్కటి తప్ప. అది పాలలాగే ఉంది. తెల్లరేవు నుంచి, రాగిగుట్ట నుంచి కూడా అదే మాట వచ్చింది. కుడి కాళ్ళ మూల. నీళ్ళ గొట్టం అక్కడ మరీ చటుక్కున వంగింది, నీళ్ళు ఆ మూలకి పూర్తిగా చేరడం లేదు. ఆ మూలే పాప పాదాలు ఉండే మూల.

వంపు మార్చి ఆ గొట్టం ఒక్కటీ మళ్ళీ పోయించేసరికి మొలకల గది దీపాలు మినుకుమనడం మొదలైంది. పెరుగు రెండోసారి పెట్టే వ్యవధి లేదు. పిన్ని తన మోచెయ్యి ఆనించి మూల మూలా చూసింది. బావ మొహం చూడలేక నేను పిన్ని మోచెయ్యే చూస్తున్నాను.

"బాగుంది" అంది. "పెట్టె మొలకల గదికి తీసుకురండి."

బావ అద్దం అవతలే ఆగాడు, పిన్నీ నేనూ పాపని పెట్టెలో పడుకోబెట్టాం. మూత వేశాం. ఆ తర్వాత కాసేపటికి మొలకల గది చీకటైపోయింది. ఊరంతా చలి పెరిగింది. పెట్టె మీద ఒక చిన్న పచ్చదీపం వెలుగుతూ ఉంది. పాప ఆవలించింది. అంత చిన్న నోటితో అంత పెద్ద ఆవలింత ఎలా సాధ్యమో డాక్టరు గారిని అడగాలి.

పిన్ని థర్మామీటరు చూసి, మళ్ళీ చూసి, నా చేతికిచ్చింది, చదవమని. నేను చదివాను. బావ అద్దంలోంచి చదివాడు. ఆ తర్వాత బయటికొచ్చి, మిగిలిన పెరుగు ముగ్గురం ఉప్పేసుకుని తినేశాం.


నమోదు 7. పదమూడో నిద్ర లేచాక, నోటితో చెప్పి రాయిస్తున్నది

గట్టిగా మాట్లాడకూడదట, గుసగుసగా చెబుతున్నాను. యంత్రం ఏదైనా తప్పు రాస్తే అది యంత్రం చెయ్యి.

పాప ఊపిరి నిలకడ అయింది. నిన్న గొట్టం తీసేశారు. అప్పకి జ్వరం పూర్తిగా పోయింది, తిట్లు కూడా మామూలు స్థాయికి వచ్చాయి. పిన్ని పాపని తీసి అప్ప గుండెల మీద, చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పింది. తల్లి ఒంటి వేడి పెట్టెకన్నా బాగా నిలుస్తుందని డాక్టర్లకి ఎప్పుడో తెలుసట. అయితే ఆ మాట మా గీతలో ఎక్కడా లేదు. ఆరువందల మందిమీ పెట్టె ఎలా ఉండాలనే చూశాం. పెట్టె ఎప్పుడు వద్దో ఎవరికీ తట్టలేదు.

నియమం ప్రకారం, పెట్టె వాడుకున్నవాళ్ళు దానికి చెయ్యి వెయ్యాలి. పాపకి చేతనవదు గనక ఆ బాధ్యత అప్పది. అప్ప పడుకునే చెప్పింది, నేను రాశాను.

"ఊపిరి కుదుటపడ్డాక పెట్టె తీసీండి. ఎత్తుకోండి. అమ్మ లేకపోతే ఇంకెవరైనా."

తీసెయ్యమనే చెయ్యిని ఉమ్మడి ఒప్పుకుంటుందో లేదో అని భయపడ్డాను. ఒప్పుకుంది. పెట్టె మీద పన్నెండో పేరు అప్పది. పదమూడోది కూడా ఉంది. తూకం పేరు వెయ్యాలని మేమందరం సంతకాలు పెట్టి పంపాం. తియ్యడం కూడా చెయ్యి వెయ్యడమేనని ఉమ్మడి వాళ్ళు రాసుకున్నారు. ఆయన మాత్రం జవాబుగా ఒక్క వాక్యం రాశాడు, అంత పెద్ద అక్షరాలు దండగ, సగం చాలు అని. సగం చేశాం.

తోడేసిన తెల్లరేవు అమ్మ, హిందూపురం పట్టుపురుగుల వాళ్ళు, పలాస జీడిపప్పు ఆయన, ఆ ఇద్దరు జ్యోతిష్కులు, జిల్లాలన్నిటి జోలపాటలు పాడినవాళ్ళు, ఊయల మోటారు చేసి తీసేసుకున్నవాళ్ళు, పెట్టె మీద పేరు లేని ఆ అయిదువందల చిల్లర మంది. మీరు చేసింది మాకు అందింది. మీరు తీసేసిందీ అందింది.

ఇప్పుడు అప్ప స్నానానికి వెళ్ళింది. గనికి సెలవు పెట్టి మూడు సార్లు ఒళ్ళు రుద్దుకున్న బావ వంతు తర్వాత. కన్నమ్మ మామ్మ గుమ్మంలో కాటుక వేలితో కాచుకుని ఉంది. ఆవిడ వెనక ఊళ్ళో సగం మంది. ప్రస్తుతం వంతు మేనమామది. చొక్కా బొత్తాలు విప్పి, కదలకుండా కూర్చున్నాను. పాప నా గుండెల మీద నిద్రపోతోంది. నా జోకులకి ఇంత హాయిగా నిద్రపోయిన శ్రోత ఇదే మొదటిది. ఇది కదిలితే నేను ఊపిరి బిగబడుతున్నాను, ఇది ఊపిరి తీసుకుంటే నేనూ తీసుకుంటున్నాను.

మీ అందరికీ దణ్ణం పెట్టాలని ఉంది. రెండు చేతులూ ఖాళీ లేవు.